పన్ను పీకించిన సోమవారం

పటాన్‌చెరు బస్టాండులో ఏ గోడ చూసినా ఎర్రటి ఉమ్మే. పాను, గుట్కా, ఇంకా ఏమేం నములుతారో, ఎవరి కర్మ వాళ్ళది. అందరూ ముక్కు మూసుకుని పక్కకు జరిగిపోతారు. నేను మాత్రం ఆగి, అది పానా, నెత్తురా అని వంగి మరీ చూస్తాను. పానే అని తేలేదాకా నా కాళ్ళు కదలవు. దీనికి నా భార్య నన్ను ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో! చెయ్యనీ. ఆ సోమవారం నెత్తురు గిన్నె పట్టుకున్న చేతుల్లో తన చేతులు కూడా ఉన్నాయి.

తొంభైల మొదట్లో సంగతి. కాజీపల్లి దగ్గర ఒక పల్లె మాది. నాన్న పోయాక ఉన్న రెండెకరాల చెలకను అమ్మ చూసుకునేది. నేను మందుల కంపెనీలో పనికి పోయేవాణ్ణి. మా దగ్గర తయారయ్యేది నొప్పుల మందు. మాత్రలు కాదు, మాత్రల్లో కలిపే అసలు పొడి. తెల్లగా, తళతళలాడుతూ, జొన్నపిండి కన్నా మెత్తగా ఉండేది. దాన్ని ట్రేలలో ఆరబెట్టి, ఆరాక డ్రమ్ముల్లోకి ఎత్తడం నా పని. షిఫ్టు దిగేసరికి కనుబొమ్మల మీద, చెవుల్లో, చొక్కా జేబుల్లో అదే పొడి. మొదట్లో జేబు దులిపితే రాలినంతే ఇంటికి వచ్చేది. పోనుపోను జేబు నింపుకోవడమే మొదలైంది. నేనొక్కణ్ణే కాదు, మా షిఫ్టులో సగం మంది అదే పని. చిన్న పొట్లం కట్టి టిఫిన్ డబ్బాలో పచ్చడి గిన్నె కింద పెట్టుకుంటే, గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అక్కడిదాకా వచ్చేది కాదు.

ఇంట్లో ఆ పొడికి ఎంత మర్యాదో! తలనొప్పికి చిటికెడు, నడుమునొప్పికి చిటికెడు, జ్వరానికి చిటికెడు. చుట్టుపక్కల వాళ్ళు కూడా వచ్చి, "జెర కంపెనీ పొడి ఉంటే ఇయ్యరాదు" అని అడిగేవాళ్ళు. నేను కాగితం విప్పి, గోటితో కొలిచి ఇచ్చేవాణ్ణి. నేను చదివింది తొమ్మిదో తరగతి. గీర చూస్తే పెద్ద డాక్టరంత. మందుల షాపులో మాత్రలు చూస్తే నవ్వొచ్చేది నాకు. ఆ మాత్రలో మందెంత, సుద్ద ఎంత? అస్లీ మాల్ నా డబ్బాలో ఉండగా ఆ సుద్దముక్కలు ఎవరిక్కావాలి? వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడని సామెత. నేను ఇంట్లోనుంచే మొదలుపెట్టబోయాను.

ఆ ముందు నెలే మా సెక్షన్‌లో ఒకతను పొడితో గేటు దగ్గర దొరికిపోయాడు. అతన్ని అటునుంచి అటే పంపించేశారు. మా సూపర్‌వైజరు అందరినీ వరసగా నిలబెట్టి, "ఇగ ఎవ్వని దగ్గర దొరికినా చిటికెడే కదా అని చూడ. గేటు బయటికే" అన్నాడు. నాలుగేళ్ళు క్యాజువల్‌గా చేసినవాణ్ణి, పర్మినెంటు కావడానికి ఇంక రెండు నెలలే ఉంది. భయపడ్డానా? భయపడ్డాను. పొడి తేవడం మానానా? ఒక్క వారం మానాను.

అమ్మకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. కింది దవడలో ఎడమవైపు చివరి పన్ను పుచ్చి, నెలరోజులుగా చంపుకు తింటోంది. లవంగం పెట్టింది, జామాకు నమిలింది, ఎవరో చెప్పారని పొగాకు కాడ కూడా దవడకు పెట్టుకుంది. నా పొడి సంగతి సరేసరి, పూటకు ఒక చిటికెడు. చివరికి బుగ్గ వాచి కన్ను మూసుకుపోతుంటే, ఇక పీకించాల్సిందేనని సంగారెడ్డికి బయలుదేరదీశాను. వారానికి నాకున్న ఒక్క సెలవు సోమవారం. అమ్మకు సోమవారం ఒక్కపొద్దు. బీరంగూడ గుట్ట మీది శివుడికి మొక్కుకుంది కాబట్టి, పొద్దుగూకి దీపం పెట్టేదాకా చాయ్ తప్ప ఏదీ ముట్టదు. "ఇంకో దినం పోదాం తియ్" అంది. "ఇంకో దినం నాకు సెలవేది?" అని కసిరాను.

పళ్ళ డాక్టరుది సంగారెడ్డిలో కోర్టు వెనక సందులో ఒకే గది. మధ్యలో ఆకుపచ్చ తెర. తెరకు ఇవతల బల్ల మీద రోగులు, అవతల కుర్చీ, డాక్టరు, మూలుగులు. లోపల గుసగుసలాడినా బల్ల మీదున్న వాళ్ళకు వినపడేది.

"షుగర్ ఉన్నదా? బీపీ ఉన్నదా? ఏమన్న మందులు వాడుతున్నరా?" అని అడిగాడు డాక్టరు.

"ఏం లేవు సార్," అన్నాను. కంపెనీ పొడి మందు కిందికి వస్తుందని నాకు తట్టనే లేదు. మా ఇంట్లో అది ఉప్పూ పసుపూ లాంటిది.

"పొద్దుగాల తిన్నవా అమ్మా?"

"తిన్న సారూ," అంది అమ్మ కన్నార్పకుండా. పచ్చి అబద్ధం. నేను మాట్లాడలేదు.

సూది వేశాడు, బుగ్గ మొద్దుబారింది, పన్ను వచ్చేసింది. మూడు కాళ్ళ పీటలా ఉంది ఆ పన్ను. గుంటలో దూది ముక్క కుక్కి, అమ్మ గడ్డం పట్టుకుని చెప్పాడు. "ఇగ చూడమ్మా. ఇది గంటసేపు గట్టిగ కొరికి పట్టుకోవాలె. ఉమ్మద్దు. నోట్లె నీళ్ళూరితే మింగాలె. పుక్కిలించద్దు, నాలుకతోటి కెలకద్దు. ఇయ్యాల వేడిది ముట్టద్దు. రేపు పొద్దుగాల నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లె పట్టి మెల్లగ వదలాలె." తరువాత నా వైపు తిరిగాడు. "గుంటల నెత్తురు గడ్డ కట్టాలె. గదే దానికి మూత. ఉమ్మితే మూత ఊడొస్తది. నొప్పైతే నేను రాసిన మాత్ర తప్ప ఇంకోటి వెయ్యకు."

తల ఊపాను. షాపులో మాత్రలు కొని జేబులో పెట్టుకున్నాను కూడా. సుద్దముక్కలే కదా అనుకుంటూ.

బస్సు ఎక్కగానే అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సంగారెడ్డి పొలిమేర దాటలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి ఉమ్మింది.

"ఉమ్మద్దన్నడు కదమ్మా!"

"నెత్తురు మింగుడంట! గా డాక్టర్ మింగుతడా?" దూదిని బుగ్గకు తోసి, మొద్దుబారిన పెదవితో నంగినంగిగా మాట్లాడింది. "ఒక్కపొద్దు నాడు నెత్తురు మింగితే నీసు తిన్నట్టు కాదురా? గుట్ట మీది దేవునికి ఏమని చెప్పుకోవాలె? చెడ్డ నెత్తురు, బయటికి పోనియ్యి."

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాటే సబబనిపించింది. చెడ్డ నెత్తురు లోపల ఉంటే పుండవుతుందని మా వైపు చిన్నప్పటి నుంచి వింటున్నదే. వెనక సీటాయన తన కిటికీ మూసుకుని గొణుక్కున్నాడు. కంది ఊరు వచ్చేసరికి దూది కూడా బయటికి పోయింది. అమ్మ ఉమ్ముతూనే ఉంది. పటాన్‌చెరులో దిగి చూస్తే బస్సు పక్కరేకు మీద పొడుగ్గా ఎర్రటి చారలు. ఎవరైనా చూస్తారని సిగ్గుపడ్డాను. అంతే, సిగ్గే. భయం ఇంకా రాలేదు.

ఇంటికి చేరాక నా భార్య వేడివేడి చాయ్ ఇచ్చింది. ఒక్కపొద్దుకు చాయ్ అడ్డం కాదు కదా! వేడిది ముట్టద్దన్న సంగతి నేను చెప్పనూ లేదు, తను అడగనూ లేదు. అమ్మ ఊదుకుంటూ తాగింది. పన్నెండు దాటాక మొద్దు వదిలి నొప్పి మొదలైంది. అమ్మ తల గోడకు ఆనించి, "ఓయమ్మో, ఓయమ్మో" అంటోంది. జేబులో డాక్టరు రాసిన మాత్రలు ఉన్నాయి. నా చెయ్యి జేబులోకి పోలేదు. టిఫిన్ డబ్బా దగ్గరికి పోయింది.

ఆ రోజు గోటితో కూడా కొలవలేదు. పెద్ద నొప్పికి పెద్ద మోతాదని ఒక చెంచాడు నీళ్ళలో కలిపి తాగించాను. అక్కడితో ఆగితే ఎట్లా? నొప్పి ఉన్నచోటే మందు పడితే ఇంకా జల్దీ తగ్గుతుందని నా తెలివి. వేలు తడి చేసుకుని, పొడి అద్ది, అమ్మ నోరు తెరవమని ఆ గుంటలో నేనే కుక్కాను. అమ్మ కెవ్వుమంది. "మంట, మంట! ఏం పెట్టినవురా!" అని నా చెయ్యి తోసేసింది. "మంటైతేనే పని చేస్తున్నట్టు," అన్నాను. చూశారా నా ముఖం! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా వేలు నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

కాసేపటికి నొప్పి తగ్గి అమ్మ నిద్రపోయింది. నేను నా భార్యతో, "చూసినవా కంపెనీ పొడి!" అని గొప్పలు పోయాను. మూడింటికి అనుకుంటా, తను లోపలినుంచి ఒక్క కేక పెట్టింది.

దిండు సగం తడిసి ఉంది. అమ్మ లేచి కూర్చుని నోరు తెరిస్తే, కార్జం ముక్కల్లాంటివి ఒళ్ళో పడ్డాయి. వాటి వెనక సన్నగా, ఆగకుండా, నీళ్ళలా పల్చటి నెత్తురు. నా భార్య గిన్నె తెచ్చి పట్టింది. అమ్మ ఉమ్మింది, మళ్ళీ ఉమ్మింది. ఉమ్మేకొద్దీ ఊరుతోంది. "ఏందయ్యా ఇది, ఏందయ్యా ఇది," అని తను, "ఏం కాదు, ఏం కాదు," అని నేను. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళ తరువాత కూడా నోరు రావడం లేదు. మందు చాలలేదనుకుని, ఇంకో చిటికెడు పొడి పెట్టాను.

అరగంటలో అమ్మ పెదవుల రంగు మారింది. ఎప్పుడూ చెలకలో ఎండకు నల్లబడ్డ ముఖం బూడిద రంగుకు వచ్చింది. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. "కండ్లకు చీకట్లు వస్తున్నయి కొడుకా," అంది. అమ్మ చచ్చిపోతుందని అప్పుడనుకున్నాను. పన్ను పీకించుకుని ఎవరైనా చస్తారా? చస్తే జనం ఏమంటారు? అందులో పొడి సంగతి ఎవరు చెబుతారు? ఇన్ని ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో కోసం చెప్పుల్లేకుండా పరుగెత్తాను.

ఆ ఆటోలో సంగారెడ్డి దాకా పోయిన దారి నాకు గజం గజం గుర్తుంది. అమ్మ నా భుజం మీద వాలి ఉంది. ఒళ్ళో గిన్నె. నా భార్య అటువైపు కూర్చుని తన కొంగు చింపి ముక్కలు ముక్కలుగా అమ్మ నోటికి ఒత్తుతోంది. హైవే మీద లారీలు, పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ బస్సులు షిఫ్టు జనాన్ని దించుతూ అడ్డం. ఆటో ఆగిన ప్రతిచోటా అమ్మ ఊపిరి వినడానికి ముక్కు దగ్గర చెవి పెట్టేవాణ్ణి. డాక్టరు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, ఏం చెప్పాలి? పొడి అంటే ఎక్కడిది అంటాడు. కంపెనీది అంటే ఎట్లా తెచ్చావంటాడు. మళ్ళీ అంతలోనే, అమ్మ ఇట్లా ఉంటే నౌకరి గురించి ఆలోచిస్తున్నానేంటి, దరిద్రుణ్ణి, అనిపించేది. మళ్ళీ ఆలోచించేవాణ్ణి.

డాక్టరు సాయంత్రం పూట కూర్చునే వేళకు చేరాం. తెర ఇవతల బల్ల మీద ఒక్కడే ఉన్నాడు. బుగ్గ వాచి, చేతిరుమాలు అదుముకుని కూర్చున్న ఆ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. మా కంపెనీ టైమ్ ఆఫీసు గుమస్తా. రోజూ మా హాజరు రాసుకునేవాడు. నన్ను గుర్తుపట్టి, వాచిన బుగ్గతోనే, "ఏమైంది? అమ్మనా?" అన్నాడు. పన్ను అన్నాను. లేచి మాకు దారి ఇచ్చాడు, పాపం.

డాక్టరు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరిపించాడు. లైటు కింద చూసి ముఖం చిట్లించాడు. "గిదేంది ఇట్లున్నది? చిగురు మొత్తం తెల్లగ పాలిపోయింది. ఉమ్మిండ్రా?"

"ఉమ్మింది సార్. వద్దన్నా వినలే."

"నేను రాసిన మాత్ర తప్ప ఇంకేమన్న ఇచ్చినవా?"

తెరకు అవతల గుమస్తా దగ్గాడు. నా జేబులో మాత్రల అట్ట విప్పకుండా అట్లాగే ఉంది. "లేదు సార్. మీరు రాసిన మాత్రే," అన్నాను.

అమ్మ నోటినిండా గాజుగుడ్డ కుక్కి, డాక్టరు తన బొటనవేలితో గట్టిగా అదిమి పట్టాడు. అమ్మ ఏదో అనబోయింది. "మాట్లాడద్దు, కదలద్దు," అని గదిమాడు. అప్పుడు అమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అంత నెత్తురు పోయిన మనిషిలో అంత బలం ఎక్కడిదో! గోళ్ళు దిగేలా పిసికింది. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూసింది.

నాకు అర్థమైంది. చెప్పకు కొడుకా, నౌకరి పోతది, నేనెట్లున్నా పర్వాలేదు, నువ్వు చెప్పకు. అమ్మ అదే అంటోంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏడుపు ఆపుకుంటూ, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

పావుగంట అయింది. డాక్టరు వేలు తీశాడు. గాజుగుడ్డ తడిసిపోయి ఎర్రగా కారుతోంది. ఇంకోటి పెట్టాడు. అదీ తడిసింది. అతని నుదుటి మీద చెమట చూశాను. డాక్టరుకు చెమట పడితే మనకేమవాలి? నా భార్య తెర పట్టుకుని నిలబడి నన్ను చూస్తోంది. తనకూ తెలుసు కదా! కళ్ళతోనే అడుగుతోంది. నేను ముఖం తిప్పుకుని గోడ మీది పళ్ళ బొమ్మలు చూస్తున్నాను. అమ్మ ఇంకోసారి నా చెయ్యి పిసికింది. మొదటిసారి కన్నా గట్టిగా.

"లోపల వేరు ముక్క ఏదో ఇరికినట్టున్నది," అన్నాడు డాక్టరు. "చిగురు కోసి చూడాలె. వేరే దారి లేదు." పళ్ళెంలో కత్తి పెట్టిన చప్పుడైంది. సూది మందు తీశాడు.

అప్పుడు అమ్మ చెయ్యి నా మణికట్టును వదిలేసింది. దానంతట అదే జారి ఒళ్ళో పడింది. అమ్మ నన్ను చూడటం మానేసి కళ్ళు మూసుకుంది. సొమ్మసిల్లిందనుకున్నాను, పోయిందేమోననుకున్నాను. ఇక నాకు గుమస్తా లేడు, కంపెనీ లేదు. "సార్, కోయద్దు! పొడి పెట్టిన సార్! కంపెనీ పొడి! తాగిపిచ్చిన, గుంటల గూడ పెట్టిన, నెల నుంచి ఇస్తున్న సార్!" అని అరిచాను. ఆ అరుపు తెర దాటి, సందు దాటి కోర్టు దాకా వినపడి ఉంటుంది.

డాక్టరు చేతిలోది కింద పెట్టాడు. ఏ మందో అడిగాడు. డ్రమ్ముల మీద రాసి ఉండే పేరు చెప్పాను. అతను నన్ను కొట్టబోయి ఆగినట్టు నాకనిపించింది.

"అది నెత్తురును పల్చగ చేసే మందురా! మాత్రల కొలిచి ఇస్తరు దాన్ని. నువ్వు చెంచాతోని పోసినవ్. గుంటల పెడితే చిగురు కాల్తది, గడ్డ కట్టది. నేనిప్పుడు కోసుంటే ఇంకో గాయమయ్యేది, అది గూడ ఆగకపోయేది. తెలుసా నీకు? ఎన్నిసార్లు అడిగిన నిన్ను?"

రెండుసార్లు. నాకు తెలుసు.

ముందు ఆ గుంటను నీళ్ళతో మెల్లగా కడిగి, మిగిలిన పొడి అంతా తీశాడు. ఏదో మందు అద్దిన గుడ్డ లోపల కుక్కి, పైన రెండు కుట్లు వేశాడు. ఇంకో గాజుగుడ్డ పెట్టి, "కొరుకమ్మా. ఈసారి ఉమ్మినవంటే పట్నం పెద్దాసుపత్రికే," అన్నాడు. నా భార్య పక్క దుకాణం నుంచి ఐసుముక్కలు తెచ్చి, గుడ్డలో చుట్టి అమ్మ బుగ్గకు పట్టింది. అమ్మ నిటారుగా కూర్చుని ఉంది. నోట్లో ఊరిందల్లా గుటక వేసింది. ఒక్కపొద్దు అనలేదు, నీసు అనలేదు. ప్రతి గుటకకూ గొంతు కదలడం నేను చూస్తూ నిలబడ్డాను. బయట గుమస్తా తన వంతు కోసం ఇంకా కూర్చునే ఉన్నాడు. గంట తరువాత తీసిన గాజుగుడ్డ సగమే తడిసింది. ఆ తరువాతిది అంచు మాత్రమే తడిసింది. నేను డాక్టరు కాళ్ళ మీద పడబోతే, "లే, లే. పోయి మీ అమ్మ కాళ్ళు పట్టుకో," అన్నాడు.

మర్నాడు గేటు దగ్గర తల ఎత్తకుండా నా కార్డు ఇచ్చాను. గుమస్తా వాచిన బుగ్గతో కార్డు తీసుకుని, "అమ్మ ఎట్లున్నది?" అన్నాడు. మంచిగుందన్నాను. ఆ మర్నాడూ అదే ప్రశ్న. ఆ పలకరింపు విన్న ప్రతిసారీ, ఇవాళ లోపలికి పిలుస్తారు, ఇవాళే, అని షిఫ్టు దిగేదాకా తలుపు వైపే చూసేవాణ్ణి. చివరికి అతను ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకు నన్ను పర్మినెంటు చేసిన కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చింది కూడా అతనే. ఉత్త పుణ్యానికి అంత భయపడ్డాను.

అమ్మను మూడు రోజులు నోరు ఎక్కువ కదపవద్దన్నాడు డాక్టరు. చల్లారిన జావ, పెరుగన్నం మెత్తగా పిసికి కుడివైపు నుంచి. పూటకోసారి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. పొడి పొట్లం, అడుగున ఉన్నదంతా, నేనే మోరీలో కుమ్మరించాను. అమ్మ తువ్వాలు గడ్డం కిందినుంచి నెత్తికి కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ కథ నేనే చెప్పేవాణ్ణి. పొడి సంగతి కొంచెం మింగి, అసలు మాట దగ్గరికి వచ్చేవాణ్ణి.

"ప్రాణం పోతున్నా నా చెయ్యి పట్టుకుని పిసికింది. చెప్పకురా, నీ నౌకరి పోతదని! ఎంత నెత్తురు పోయినా నా గురించే ఆమె రంది," అని కళ్ళు తుడుచుకునేవాణ్ణి. వచ్చినవాళ్ళు కూడా తుడుచుకునేవాళ్ళు. "తల్లంటే గట్లుండాలె," అనేవాళ్ళు. నా భార్య మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి పొయ్యి దగ్గరికి పోయేది. అమ్మ తువ్వాలు కట్టుకుని వింటూ ఉండేది. మూడు రోజులు విన్నది.

నాలుగో రోజు పొద్దున తువ్వాలు విప్పేసింది. పక్కింటావిడ వచ్చి కూర్చుంటే నేను మళ్ళీ ఎత్తుకున్నాను. చెయ్యి పిసికిన దగ్గరికి వచ్చేసరికి అమ్మ, "ఆగురా," అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఎవడు చెప్పిండురా నీకు, నేను చెప్పకన్ననని? చెప్పు చెప్పు అని పిసికిన. నోట్లె గుడ్డ కుక్కిండు, మాట రాదాయె. డాక్టరుకు చెప్పురా పొడి సంగతి అని రెండుసార్లు పిసికిన. నువ్వు గోడకు బొమ్మలు చూసుకుంట నిలబడ్డవ్."

"మరి చెయ్యి ఎందుకు వదిలేసినవమ్మా?" అని అడిగాను చివరికి. అడగకపోయినా బాగుండేది.

"ఇగ నువ్వు చెప్పవని సమజైంది. ఇడిసిపెట్టిన," అంది.

కోపంగా అనలేదు. చెలకలో ఎంత వాన పడిందో చెప్పినట్టు చెప్పింది. పక్కింటావిడ కొంగు సర్దుకుని, పని ఉందని లేచి వెళ్ళిపోయింది. నేను కూడా లేచాను. ఏం చెయ్యాలో తోచక, ఉప్పునీళ్ళ వేళయిందని పొయ్యి దగ్గరికి పోయి నీళ్ళు వేడిచేశాను. డాక్టరు చెప్పినట్టే ఉప్పు కలిపి, వేలు పెట్టి వేడి చూసి, గ్లాసు తెచ్చి అమ్మ చేతికిచ్చాను.

అమ్మ తీసుకుంది. నోటి దాకా ఎత్తి ఆగింది. నన్ను చూడలేదు. గ్లాసును నా భార్య వైపు చాపి, "ఇందుల ఉప్పేనా, చూడు బిడ్డా," అంది.